మధ్యలో ఆపిన సాక్ష్యం

నేను సూర్యాపేటలో టీచర్‌ని. ఆదివారాలు మా వీధి చివర ఉన్న ప్రార్థనా మందిరానికి వెళతాను. అక్కడ పాటలయ్యాక, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం. పోయిన వానాకాలం విన్న ఒక సాక్ష్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు మొదట మైకు తీసుకున్నది మిర్యాలగూడ నుంచి వచ్చిన రైస్‌మిల్లు యజమాని. కొత్త కారు గురించి చెప్పాడు, కొడుకు పెళ్లికి దొరికిన ఫంక్షన్‌హాలు గురించి చెప్పాడు, ఆ హాల్లో ఏసీలు ఎంత చల్లగా ఉంటాయో కూడా చెప్పాడు. దేవుడి పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వినబడింది. అరగంట పట్టినా ఎవరూ గడియారం చూడలేదు.

తర్వాత వెనుక గోడ దగ్గర ఒక ముసలామె లేచింది. పెన్‌పహాడ్ వైపు గొర్రెలు కాచుకునే మనిషి. రెండేళ్లుగా బస్సెక్కి వస్తోంది కానీ అంతవరకూ నోరు విప్పలేదు. తన మందలో ఒక గొర్రె ఈనుతూ చచ్చిపోయిందని, పిల్ల మాత్రం దక్కిందని చెప్పింది. గొర్రె పరాయి పిల్లను దగ్గరికి రానివ్వదు. వాసన చూసి కుమ్ముతుంది. అందుకని మూడు రోజులు ఇంకో గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని ఆ పిల్లకు పాలు తాపిందట.

“నాలుగోనాడు పట్టుకుందామని పోయిన. నేను పోకముందే అది...”

సంఘపెద్ద నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాచాడు. ఆయనది కోదాడ. “గొర్రెల సంగతి తర్వాత మాట్లాడుకుందాంలేమ్మా. పెద్ద మేలు ఏదైనా ఉంటే చెప్పండి, టైం అయిపోతోంది.”

ముందు వరుసల్లో నవ్వులు. ఆమె మైకు ఇచ్చేసి కూర్చుంది. ఆ వెంటనే ఆయన, తప్పిపోయిన గొర్రె కోసం వెతికిన కాపరి గురించి ప్రసంగం మొదలుపెట్టాడు! అంతమందిలో నిజంగా గొర్రెను కాచినది ఆమె ఒక్కతే. ఆమె నోరే మూయించారు. నాకు కోపం వచ్చింది. అయినా లేవలేదు. పదో తరగతి పిల్లలను గదమాయించే నా గొంతు అప్పుడు ఎటు పోయిందో. ఆ కోపంలో సగం నా మీదే.

బయట చెప్పులు వేసుకుంటున్న ఆమెను ఆపి, నాలుగో రోజు ఏమైందవ్వా అని అడిగాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమెకూ కోపమే.

“నేను పట్టకుండనే నిలవడి పాలిచ్చింది బిడ్డా. అది దాని పిల్ల గాదు. దానికెవరు చెప్పిన్రు గట్ల నిలవడుమని? గిది పెద్ద మేలు గాదంట. కారయితేనే మేలా?”

మరుసటి ఆదివారం నేనే మైకు తీసుకున్నాను. ఈ వారం నాకు జరిగిన మేలు, పోయిన వారం సగంలో ఆపేసిన మాట పూర్తిగా వినడమేనని చెప్పాను. సంఘపెద్ద చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. అవ్వను లేచి చెప్పమన్నాను. ఆమె తనకు మైకు వద్దంది. కూర్చున్నచోటే పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి మొదటినుంచీ చెప్పింది. ముందు వరుసల వాళ్లూ మెడలు తిప్పక తప్పలేదు.

ఆమె ముగించగానే ఒకామె, పక్షవాతంతో మాట పడిపోయిన తన భర్త ఎండాకాలంలో ఒకరోజు అన్నం తింటూ ఉప్పు అడిగాడని చెప్పింది. చెబుతూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్ని నెలలుగా ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, ఇది కూడా చెప్పేదేనా అనుకున్నానంది.

ఆ మాట అనిపించింది ఎవరో నాకు తెలుసు. సంఘపెద్ద ఇంతవరకూ అవ్వకు క్షమాపణ చెప్పలేదు. సాక్ష్యాలు క్లుప్తంగా చెప్పాలని ప్రతి ఆదివారం ప్రకటిస్తాడు, వెనుక గోడ వైపే చూస్తూ. ఇప్పుడు నేనూ అక్కడే కూర్చుంటున్నాను.