చెమ్మ చేరని తుపాకుల బీరువా

ఆంటీ ప్రభువు సన్నిధికి వెళ్ళారని మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వార్త వచ్చింది. నాకు అప్పటికే తెలుసు. ఎదురింట్లో ఉంటాను కాబట్టి, ఫోన్ ఎత్తడం లేదని తాళం తీసుకుని వెళ్ళి చూసింది నేనే. నిద్రలోనే పోయారు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉన్న వాళ్ళమ్మాయికి చెప్పి, వచ్చి మా మెట్ల మీద కూర్చున్నాను. గ్రూపులో ఏడుపు బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఇంతలో మా సంఘపెద్ద ఒకాయన నాకు విడిగా మెసేజ్ పెట్టాడు.

"సిస్టర్, వందనాలు. వెరీ శాడ్ న్యూస్. అంకుల్ గన్స్ ఎవరు తీసుకుంటున్నారో ఏమైనా ఐడియా ఉందా?"

ఫోన్ బోర్లించి పెట్టేశాను. ఆమె పక్క మీద దుప్పటి ఇంకా ఎవరూ మడత పెట్టలేదు.

ఆయన నన్నే అడగడానికి కారణం ఉంది. ఇక్కడ అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్‌లో తుపాకుల బీరువా ఉండేది. దాన్ని తెరిచే నంబరు ఆమె నాకే చెప్పారు.

ఆ తుపాకులు అంకుల్‌వి. ఆయన మెత్తని మనిషి. మా చుట్టుపక్కల ఇళ్ళలో బంగారం కోసం దొంగలు పడుతున్నారని పుకారు లేచినప్పుడు భయపడి ఒక పిస్తోలు కొన్నారు. కొన్నాళ్ళకు భయం పోయింది, సరదా మిగిలింది. శనివారాలు సంఘపెద్దతో కలిసి గురిపెట్టి కాల్చే రేంజ్‌కి వెళ్ళేవారు, ఒక్కోసారి కూతుర్నీ తీసుకెళ్ళేవారు. పిస్తోలుకి తోడు రైఫిళ్ళు చేరాయి. వాటి కోసం మనిషెత్తు ఇనప బీరువా వచ్చింది. ఆంటీ వద్దనలేదు గానీ ఆ గది గడప తొక్కలేదు.

ఆమె నర్సు. అట్లాంటాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేసి రిటైరయ్యారు. "పుండ్లు కడిగాను, చీము పిండాను, ఏనాడూ అన్నం మానలేదమ్మాయ్. తూటా తగిలినవాళ్ళను తెచ్చిన రోజు మాత్రం లంచ్ బాక్సు తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే ఇంటికొచ్చేది" అని ఒకసారి చెప్పారు. మా చిన్నది జబ్బుపడి కార్పెట్ అంతా వాంతి చేసుకుంటే, నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను. ఆమె వచ్చి వట్టి చేతులతో శుభ్రం చేశారు. గ్లవ్స్ ఇవ్వబోతే, "పసిపిల్ల కక్కుకి గ్లవ్సా!" అని నన్నే కసిరారు.

అంకుల్ స్ట్రోక్‌తో పోయాక ఆ బీరువా జోలికి ఎవరూ పోలేదు. ఏడాది గడిచింది. ఆ వేసవి జార్జియాలో వానలు వదలకుండా పట్టుకున్నాయి. ఒకరోజు ఆంటీ ఫోన్ చేశారు. "కిందనుంచి ఏదో వాసనొస్తోంది. చచ్చిన ఎలకేమో అనుకున్నా. కాదు. ఒకసారి వస్తావా?" తుపాకులు తెలిసిన మనిషి పక్కనుంటే మంచిదని సంఘపెద్దను కూడా పిలిచారు.

బీరువా తలుపు తెరవగానే ముగ్గురం వెనక్కి తగ్గాం. ఎండుచేపల బుట్టలో నీళ్ళుపోసి మూతపెట్టి మరిచిపోతే ఎలా ఉంటుంది? అలాంటి ముక్కిపోయిన వాసన, దానికి తోడు పాత నూనె కంపు. పిస్తోలు పెట్టిన తోలు సంచి మీద ఆకుపచ్చ బూజు బొచ్చులా లేచింది. ముట్టుకుంటే జిగురు. రైఫిళ్ళ మీద అంకుల్ వేళ్ళు పడ్డచోటల్లా చెమట ఉప్పుకి తుప్పు లేచి, వేలిముద్రలు గోధుమరంగు పుళ్ళలా కనపడుతున్నాయి. అది చూసి ఆంటీ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సంఘపెద్ద ఆ పిస్తోలు పైకి తీశాడు. లోపల తూటా ఉందో లేదో చూడాలంటే పైభాగాన్ని వెనక్కి లాగాలి. తుప్పుకి అది బిగుసుకుపోయింది. రెండుసార్లు గుంజి, రాకపోయేసరికి పక్కనున్న సుత్తి అందుకున్నాడు.

"ఖాళీయే ఉంటుంది లెండి ఆంటీ, అంకుల్ చాలా కేర్‌ఫుల్."

"కింద పెట్టు," అన్నారు ఆంటీ.

"ఒక్క దెబ్బేస్తే..."

"గొట్టం గోడవైపు తిప్పి కింద పెట్టు. పెట్టి పైకి నడు."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎమర్జెన్సీలో డాక్టర్లు కూడా ఆ గొంతుకి కదిలి ఉంటారు. మర్నాడు ఊళ్ళో తుపాకులు బాగుచేసే అమెరికన్ ముసలాయన వచ్చి, దాన్ని ఇసక బకెట్‌లో ఉంచి, నూనె పోసి నానబెట్టి, నెమ్మదిగా విప్పాడు. లోపల చిలుం పట్టిన తూటా ఉంది. ఆంటీ సింకు దగ్గరికి వెళ్ళి కక్కేశారు. తర్వాత ఈ సంగతి చెబితే సంఘపెద్ద నవ్వాడు. "ఏమీ కాలేదు కదా, ప్రెయిజ్ గాడ్!" ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అమ్మెయ్యమని నేను చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"నాకు రోత పుట్టినదాన్ని ఇంకొకడింట్లో పెట్టి చేతులు కడుక్కోనా? రేపు ఏ పిల్లాణ్ణో స్ట్రెచర్ మీద తెస్తే?"

"మరి ముక్కలు చేయించెయ్యండి. ఆ ముసలాయన కోస్తానన్నాడుగా."

"అమ్మాయి వద్దంది. నాన్న గుర్తు, ఉంచమ్మా అంది." చేతులు తుడుచుకుంటూ అన్నారు. "ఉంచితే సరిగ్గా ఉంచాలి. అసహ్యమేసిందని మొహం తిప్పుకున్నాను కాబట్టే కదా దానికి బూజు పట్టింది."

ఆరోజు నుంచి ఆ బీరువా ఆమెకు ఒక పేషెంటు. వట్టి సిమెంటు నేల చెమ్మను పీల్చి పైకి పంపుతుందని ముసలాయన చెబితే, మనుషుల్ని పిలిచి బీరువాను చెక్కదిమ్మల మీదకి ఎక్కించారు. నీళ్ళు పట్టి ఉంచుతాయని తోలు సంచుల్నీ, స్పాంజి పెట్టెల్నీ పారేశారు. లోపల అడుగున సన్నగా వెచ్చబడే కరెంటు కడ్డీ, అరలో చెమ్మ చూపే చిన్న మీటరు. "యాభై దాటితే ఇనుముకి జ్వరం. మరీ పడిపోతే తుపాకి కర్రకి పగుళ్ళు," అనేవారు. చెమ్మ తాగే గింజల డబ్బాలు మూలల్లో పెట్టేవారు. నారింజరంగు గింజలు ఆకుపచ్చగా మారితే వాటిని వేడిచేసి ఆరబెట్టాలి. దానికి కేకులు చేసే ఓవెన్ వాడకుండా, గరాజ్‌లో వేరే చిన్న ఓవెన్ పెట్టుకున్నారు. "తినే చోట దీన్ని వండను," అన్నారు.

నెలకోసారి ఇద్దరం కిందకి వెళ్ళేవాళ్ళం. ఆమె గ్లవ్స్ తొడుక్కుని, నూనె గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేవారు. తుడిచినంతసేపూ మూతి ముడుచుకునే ఉండేది. పాచిపోయిన కూర పారబోసేటప్పుడు మొహం ఎలా పెడతామో, అలా. పని కాగానే మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కుని, అల్లం టీ పెట్టేవారు. ఆ టీ తాగుతూ నా గొడవలన్నీ ఆమెకే చెప్పుకున్నాను. ఇష్టంలేని బాధ్యతను సణుక్కోకుండా మొయ్యడం నాకు ఎంతోకొంత వచ్చిందంటే ఆ బేస్‌మెంట్‌లోనే వచ్చింది.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ ఆంటీ ఇంటికి భోజనాలకు వచ్చారు. ఆంటీ గురించి నాలుగు మాటలు చెప్పుకుంటారనుకున్నాను. ప్లేట్లలో బిర్యానీ పెట్టుకుని సంఘపెద్దా, ఇంకో ఇద్దరూ బేస్‌మెంట్ మెట్ల దగ్గరే తచ్చాడారు. చివరికి సంఘపెద్ద అమ్మాయి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నువ్వెక్కడ పెట్టుకుంటావివన్నీ? అంకుల్‌కి నేను బ్రదర్ లాంటివాణ్ణి. ఒకసారి చూపిస్తే..."

అమ్మాయి నా వైపు చూసింది. బీరువా ఆమెది, ఆమె ఇష్టం. కిందకి వెళ్ళి తెరిచాను. ఆయన చెయ్యి కాగితం రుమాలుకి తుడుచుకుని రైఫిల్ అందుకున్నాడు. గోళ్ళలో మసాలా అలాగే ఉంది. గొట్టం పొడుగునా బొటనవేలు రాసి, వాసన చూసి, నవ్వాడు.

"అబ్బ! ఎంత బాగా మెయింటెయిన్ చేశారు! ఒక్క మచ్చ లేదు. ఆంటీ గ్రేట్ అంతే!"

ఆ రోజంతా ఆయన నోట ఆంటీ గురించి నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే. వెనకనున్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. నాకు బిర్యానీ వాసన కూడా రోతగా తోచింది.

"అంకుల్," అంది అమ్మాయి, తన అమెరికా తెలుగులో మెల్లగా. "అమ్మ ఎందుకు క్లీన్ చేసిందో మీకు తెలుసా?"

"డాడీ మీద ప్రేమ, ఇంకేంటి."

"కాదు. నేను అడిగా, కీప్ చేయమని. తనకి ఇవి చాలా అసహ్యం. నా కోసం చేసింది. ఇన్ని ఇయర్స్, నాకు ఒక్కసారి కూడా చెప్పలే. నిన్న ఈ అక్క చెప్తేనే తెలిసింది." ఆమె రైఫిల్ వైపు చెయ్యి చూపింది. "ప్లీజ్, లోపల పెట్టేయండి. ఎవరికీ ఇవ్వట్లే."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది, అచ్చం తల్లిలాగే. రైఫిల్ లోపల పెట్టి ఆయన పైకి వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన గొణుగుడు వినపడింది. "వేస్ట్. అంతా వేస్ట్."

ఆ వారమే తుపాకుల్ని కోయించడానికి ముసలాయన షాపుకి తీసుకెళ్ళాం. వాళ్ళ నాన్న ఎక్కువగా పట్టుకున్న రైఫిల్ దగ్గర అమ్మాయి కాసేపు ఆగింది. తర్వాత తనే దాన్ని బల్ల మీదకి జరిపింది. రంపం కింద ఇనుము అరిచింది. నిప్పురవ్వలు, కాలిన నూనె కమురు. ఇద్దరం మొహాలు చిట్లించుకున్నాం గానీ పక్కకి తిప్పుకోలేదు. అయిపోయాక ముసలాయన ముక్కలన్నీ షాపు వెనకాల ఉన్న తుక్కు పీపాలో పోశాడు.

మేం బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. ఆయన పీపా మూత వెతకబోయాడు. అమ్మాయి చెయ్యెత్తి ఆపింది.

"తడవనీ," అంది.

ఆయనకు తెలుగు రాకపోయినా అర్థమైనట్టుంది, ఆగిపోయాడు. ముగ్గురం చూరు కింద నిలబడ్డాం. కొత్తగా కోసిన తెల్లటి ఇనుము మీద చినుకులు పడి జారుతున్నాయి, ఒక్కొక్క ముక్కా మెల్లగా తడుస్తోంది.