ఈ శనివారమూ నీలికొంగలు ఓడిపోతాయట

ఒపల్ మేబ్రీ ఇరవై ఆరేళ్ళ పాటు మోరో స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికింది. స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది ఆమెది. అందులో నాలుగు పెద్ద మెషీన్లు, బట్టలు ఆరబెట్టే డ్రమ్ములు రెండు, చొక్కాల మీద నంబర్లు కుట్టే మిషను ఒకటి. మోకాళ్ళ మీద గడ్డి మరక ఉంటే పడి లేచినవాడని, వీపంతా బురదైతే పడగొట్టించుకున్నవాడని ఆమె లెక్క. మనిషి పొట్టి, గొంతు గట్టి. భర్త వెల్డన్ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. మిసిసిపీ నది వంపులో ఉన్న ఆ ఊళ్ళో తలుపుల ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలింది కాలేజీ ఒక్కటే. ఆ కాలేజీకి చెప్పుకోడానికి మిగిలింది నీలికొంగలు. జట్టు పేరది.

పద్నాలుగేళ్ళుగా ఆ జట్టు గెలిచిన ఆటల కంటే ఓడినవే ఎక్కువ. అలాంటిది ఆ ఏడు సెప్టెంబరు నుంచి ఏం పూనిందో ఏమో, ఎనిమిది ఆటలు ఆడితే ఎనిమిదీ గెలిచారు.

గెలుస్తున్నకొద్దీ ఒపల్‌కి మనశ్శాంతి లేకుండా పోయింది. దానికి కారణం టీవీ. ప్రతి శనివారం ఉదయం నలుగురు పెద్దమనుషులు ఒక పొడుగాటి బల్ల వెనక కూర్చుని, ఆ రోజు ఎవరు గెలుస్తారో ఎవరు ఓడతారో చెబుతారు. ఎనిమిది వారాలూ నలుగురికి నలుగురూ నీలికొంగలు ఓడిపోతాయనే చెప్పారు. మొదట్లో ఊరు నవ్వుకుంది. మూడో వారానికి తిట్టుకుంది. ఆరో వారానికి నవ్వూ లేదు, తిట్టూ లేదు, కడుపులో మంట మిగిలింది. పోనీ, గెలిచాకైనా పొరపాటు పడ్డామన్నారా? అవతలి జట్టు బలహీనం అన్నారు, వాన పడింది అన్నారు, అదృష్టం అన్నారు. మళ్ళీ శనివారం అదే బల్ల, అదే మాట.

ఆ నలుగురిలో ఒకడి మాట ఆమెకు మరీ ముల్లులా గుచ్చుకునేది. అతని పేరు రెట్ టాలీ. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే జట్టుకు పన్నెండో నంబరు చొక్కా వేసుకుని ఆడినవాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. ఓడిన రోజుల్లో ఒపల్ గదిలోకి వచ్చి, వెచ్చని తువ్వాళ్ళ బుట్టలో మొహం దాచుకుని ఏడ్చినవాడు.

"వాడికి మనమంటే సిగ్గు, ఒపల్," అనేవాడు క్లీవన్. హెల్మెట్లూ బూట్లూ చూసుకునే మనిషి, పాతికేళ్ళుగా పక్క గదిలోనే ఉంటున్నాడు. "పెద్దింటి అల్లుడు కన్నవాళ్ళని గుర్తుపట్టనట్టు చేస్తున్నాడు."

"నువ్వు నోరు మూసుకుని ఆ బూట్లు తుడవవయ్యా," అనేది ఒపల్. కానీ ఆ మాట రోజంతా ఆమె చెవుల్లో తిరిగేది.

తొమ్మిదో ఆట గ్రేడీ యూనివర్సిటీతో. రాష్ట్రంలోకెల్లా పెద్ద జట్టు. గెలిస్తే నీలికొంగలు ఛాంపియన్‌షిప్ ఆటకు వెళతాయి. ఊళ్ళో డెబ్బై ఏళ్ళ వాళ్ళు కూడా చూడని సంగతి అది. ఆ ఆట కోసం టీవీ వాళ్ళు తమ బల్ల తెచ్చి మోరో స్టేడియం ముందే వేస్తామన్నారు.

బుధవారం మధ్యాహ్నం ఒపల్ రేడియోలో ఆటల కబుర్ల కార్యక్రమానికి ఫోన్ చేసింది. ఆ కార్యక్రమానికి ఆమె పాత కాపు.

"అమ్మో, మోరో నుంచి మిస్ ఒపల్! చెప్పండి మేడమ్, ఇవాళ ఎవర్ని ఉతుకుతున్నారు?" అన్నాడు రేడియో ఆయన.

"మీ జోస్యాల వాళ్ళనే. టీవీలో ఎనిమిది సార్లు తప్పు చెప్పినవాడు ఇంకా ఆ కుర్చీలో ఎలా కూర్చున్నాడో చెప్పండి. నేను ఎనిమిది సార్లు తెల్ల ప్యాంట్లకి రంగు అంటిస్తే నన్ను ఉంచుతారా?"

"జోస్యం కదా మేడమ్, సరదాకి."

"సరదా మీకు. ఇక్కడ పిల్లలు అన్నం తినడం మానేశారు."

ఆయన నవ్వి, ప్రకటనల టైమైందని చెప్పి లైన్ కట్ చేశాడు. 

పిల్లలు తినడం లేదన్నది ఉత్త మాట కాదు. జెరెల్ బెక్‌విత్ అని, ఇరవై ఏళ్ళవాడు, ఇప్పటి క్వార్టర్‌బ్యాక్. గురువారం ప్రాక్టీసు అయ్యాక చొక్కా ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏం నాయనా, తిన్నావా?"

"తిన్నది నిలవట్లేదు, మిస్ ఒపల్. మా అమ్మ గల్ఫ్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసింది. టీవీలో నా పేరు చెప్పి, గ్రేడీ వాళ్ళు వీణ్ణి నలిపేస్తారని అన్నారట. నిజంగా దెబ్బలు తగుల్తాయా అని ఏడుస్తోంది."

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెప్తాను? రోజూ ఫోన్లో అదే చూస్తున్నా. చూడకూడదనుకుంటా, మళ్ళీ చూస్తా. అందరూ అదే అంటుంటే అదే నిజమేమో అనిపిస్తుంది కదా?"

ఒపల్ డబ్బాలోంచి నాలుగు మొక్కజొన్న రొట్టెలు తీసి చేతిలో పెట్టింది. అతను ఒకటి కొరికి, మిగతావి మెషీను మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఎలాగైనా ఆ నలుగురిలో ఒక్కడి నోటి వెంట, ఒక్కసారి, మోరో గెలుస్తుందన్న మాట రావాలి. ఆ పిల్లాడు వినాలి. ఆమెకిక వేరే ఆలోచన లేదు.

శుక్రవారం ఉదయం రెట్ టాలీ తనే వచ్చాడు. మంచి సూటు, మొహానికి అప్పుడే టీవీ పౌడరు. "మిస్ ఒపల్!" అంటూ వంగి కావలించుకున్నాడు. ఆమె కూడా కావలించుకుంది. కోపం ఉన్నా చేతులు ఆగలేదు.

"చిక్కిపోయావు," అంది.

"టీవీలో లావుగా కనిపిస్తానని తిననివ్వరు." నవ్వాడు. గది చుట్టూ చూశాడు. "అదే వాసన. ఏమీ మారలేదు."

"నువ్వు మారావు కదా, చాలు. రెట్, కూర్చో. నేను నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

"లేదు మేడమ్."

"ఇప్పుడు అడుగుతున్నా. రేపు మోరో అని చెప్పు. ఒక్కసారి. మిగతా ముగ్గురు ఏమన్నా అననీ. మా పిల్లాడు కుమిలిపోతున్నాడు."

అతను కుర్చీ అంచున కూర్చుని బూట్ల వంక చూసుకున్నాడు. "టీవీలో చేరిన మొదటి ఏడు మోరో అనే చెప్పాను, గుర్తుందా? మీరు నాలుగు ఆటలు ఓడారు. వాళ్ళందరూ నన్ను చూసి నవ్వారు. మా ఆఫీసరు పిలిచి, నువ్వు అభిమానిగా వచ్చావా, ఉద్యోగానికి వచ్చావా అని అడిగాడు. అప్పట్నుంచి మోరో ఆట వస్తే చాలు, నా మీద అందరి కన్నూ ఉంటుంది."

"అప్పటి జట్టు వేరు. ఇది ఎనిమిది గెలిచింది. కుడివైపు ఆ లావుపాటి కుర్రాణ్ణి చూశావా, వాడు అడ్డం పడితే ఎవడూ దాటలేడు. జెరెల్ ఎడమవైపు పరిగెత్తుతూ కూడా సూటిగా విసురుతాడు. ఇవన్నీ నీకు కనిపించట్లేదా?"

రెట్ సూటు చేతి గుండీ తిప్పుకున్నాడు.

"చూశావా లేదా?"

"మిస్ ఒపల్, శనివారం పూట మా ముందు అరవై ఆటలుంటాయి. లెక్కలు కాగితం మీద వస్తాయి. మేం చదువుతాం."

"మావి ఎన్ని చూశావు?"

"ముక్కలు ముక్కలుగా..."

"పూర్తిగా ఎన్ని చూశావు, రెట్?"

"ఒక్కటీ లేదు," అన్నాడు.

మెషీను ఒకటి నీళ్ళు వదులుతూ గడగడలాడింది. ఒపల్ చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. ఎనిమిది వారాలు ఆమె నిద్ర మానుకుని ఎవరితో వాదించింది? అక్కడ అభిప్రాయమే లేదు. ఊరు ఊరంతా ఒక కాగితం ముక్కతో పోట్లాడింది.

"చూడకుండానే చెప్పావు," అంది చివరికి. "ఆ పిల్లాడి తల్లిని ఏడిపించింది చూడకుండానే."

"నన్ను క్షమించండి."

"క్షమాపణ వద్దు. రేపు ఉండి చూడు. మేం ఓడతామనే చెప్పుకో. కానీ కూర్చుని చూడు."

"చూస్తాను," అన్నాడు రెట్.

శనివారం ఉదయం స్టేడియం ముందు గడ్డి కనిపించనంత జనం. మొహాలకు నీలం రంగు పూసుకున్న వాళ్ళు, అట్టల మీద బూతుకు ఒక్క అక్షరం తక్కువగా రాసుకొచ్చిన వాళ్ళు. ఒపల్ క్లీవన్ భుజం పట్టుకుని, బోర్లించిన బట్టల బుట్ట మీద నిలబడింది. మొదటి ముగ్గురూ గ్రేడీ అన్నారు. జనం హోరున అరిచారు. చివరికి రెట్ వంతు వచ్చింది. అతను ఒక్క క్షణం కాగితం పక్కన పెట్టాడు. 

"గ్రేడీ," అన్నాడు. "ముప్పై ఒకటి, పదిహేడు."

ఈసారి ఎవరూ అరవలేదు. సొంతవాడే అన్నాక అరవడానికి ఏముంది? క్లీవన్ మాత్రం, "దిగు ఒపల్, పడతావు," అన్నాడు మెల్లగా.

ఆట మొదలవకముందే ఒక నల్ల కారు రెట్‌ని ఎక్కించుకుని విమానాశ్రయం వైపు వెళ్ళిపోయింది. క్లీవన్ చూసి వచ్చి చెప్పాడు. ఒపల్ తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకుని మైదానం వైపు నడిచింది.

సగం ఆట అయ్యేసరికి మోరో పదహారు, గ్రేడీ పది. స్టేడియం ఊగిపోతోంది. జెరెల్ నవ్వుతున్నాడు. తువ్వాళ్ళు అందిస్తూ ఒపల్, "నాయనా, వాళ్ళు నిన్ను చూడలేదురా, ఇప్పుడు చూస్తారు," అంది. ఆ తర్వాత గ్రేడీ వాళ్ళు కొత్త మనుషుల్ని దింపుతూ పోయారు. మోరోకి దింపడానికి మనుషుల్లేరు. కుడివైపు లావుపాటి కుర్రాడు మోకాలు పట్టుకుని పడిపోయాడు. ఇక అటునుంచి వచ్చినవాళ్ళందరూ జెరెల్ మీద పడ్డారు. దాటితే పాయింట్లు వచ్చే గీతకు నాలుగు గజాల దూరంలో అతని చేతిలోంచి బంతి జారిపోయింది. చివరికి ముప్పై ఒకటి, పదహారు.

ఒక్క పాయింటు తేడా. రెట్ చెప్పిన మాట దాదాపు అక్షరాలా నిజమైంది.

సాయంత్రం బురద చొక్కాల బండి వచ్చింది. దాని వెనకే జెరెల్ వచ్చి నేల మీద కూర్చున్నాడు. పెదవి చిట్లింది.

"వాళ్ళకి ముందే తెలుసు కదా, మిస్ ఒపల్. నేను పడేస్తానని తెలుసు."

"వాళ్ళకేమీ తెలీదురా. ఆ రెట్ టాలీ మీ ఆట ఒక్కటి కూడా చూడలేదు. నాతోనే ఒప్పుకున్నాడు."

ధైర్యం చెబుతున్నాననే అనుకుంది. కానీ కుర్రాడి మొహం ఇంకా పాలిపోయింది. "చూడకుండానే తెలిసిపోయిందా?" అన్నాడు. "అంటే మేం చూడక్కర్లేని వాళ్ళమా?"

ఒపల్ పక్కన కూర్చుని, అతని తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

వారమంతా టీవీలో రెట్ జోస్యమే తిప్పి తిప్పి వేశారు. ఎంత కచ్చితంగా చెప్పాడో, సొంత కాలేజీ అని కూడా చూడలేదంటూ మెచ్చుకున్నారు. ముందు తప్పిన ఎనిమిదీ ఎవరికీ గుర్తు లేవు. ఒపల్ రేడియోకి ఫోన్ చేసి ఆ ఎనిమిదీ వరసగా చదవడం మొదలుపెట్టింది. నాలుగోదాని దగ్గర ఆయన, "ఓడిన బాధ మాకు అర్థమైంది మేడమ్," అని తీసిపారేశాడు.  వెల్డన్ పోయిన రోజు కూడా ఇంత నోరు పడిపోలేదని తర్వాత క్లీవన్‌తో అంది.

డిసెంబరులో కోచ్ పెద్ద కాలేజీకి వెళ్ళిపోయాడు. జనవరిలో జెరెల్, అతనితో పాటు పదకొండు మంది కుర్రాళ్ళు, తలో కాలేజీకి మారిపోయారు. జెరెల్ చెప్పి వెళ్ళడానికి వచ్చాడు.

"ఎక్కడికైనా వెళ్ళు, తిండి మానకు," అంది ఒపల్.

"అక్కడైతే మమ్మల్ని చూస్తారు, మిస్ ఒపల్," అన్నాడు. అందులో ఆమె తప్పు పట్టగలిగింది ఏమీ లేదు.

వేసవికి ఆమె మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఉద్యోగం మానేసింది. ఆగస్టులో కొత్త జోస్యాలు వచ్చాయి. పన్నెండు జట్లలో మోరో పన్నెండోది.

సెప్టెంబరు మొదటి శనివారం ఆమె ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని మెట్ల మీద కూర్చుంది. పక్కనున్నాయన ఫోన్ చూస్తూ, "నలభై పాయింట్ల తేడాతో పోతామంటున్నారండీ," అన్నాడు. ఒపల్ అతని వంక చూసింది. మళ్ళీ మైదానం వైపు తిరిగింది. కొత్త కుర్రాళ్ళలో ఒక్కరి పేరూ ఆమెకు తెలియదు. నంబర్లు వంకరగా కుట్టారు. నలభై కాదు, నలభై నాలుగు పాయింట్ల తేడాతో ఓడారు. ఆట నాలుగు భాగాల్లో మూడోది అవుతుండగానే వాన మొదలైంది. జనం లేచి వెళ్ళిపోయారు. పక్కనున్నాయన తన గొడుగు ఇవ్వబోయాడు.

"వద్దు బాబూ, నువ్వెళ్ళు," అంది.

ఆఖరి ఈల మోగేదాకా ఆమె ఆ తడి మెట్టు మీదే కూర్చుని, కింద మైదానంలో పడుతూ లేస్తున్న ప్రతి పిల్లాణ్ణీ కళ్ళార్పకుండా చూసింది.