పద్మాబాయి టైపు మిషను

ఆదోని సబ్ కలెక్టరు ఆఫీసు ఎదుట రేకుల పంచలో అర్జీలు టైపు చేసే పద్మాబాయి అంటే ఎవరికీ పడేది కాదు. ఆమెకూ ఎవరూ గిట్టేవారు కాదు. మొగుడు పోయిన ఏడాదే మంత్రాలయంలోని అత్తింటి నుంచి ఆయన టైపు మిషనును సంకనెత్తుకుని బస్సెక్కింది. తలవంచుకుని వంటింట్లో పడి ఉండమన్న బావగారితో వీధి వీధంతా వినేలా పోట్లాడి మరీ వచ్చింది. మిషను అప్పటికే పాతది, నల్లరంగు పెచ్చులూడుతోంది. మనుషుల మీద పెట్టని ప్రేమంతా ఆమె దాని మీదే పెట్టుకుంది. రోజూ తుడిచి నూనె చుక్క వేసేది. ఇంకొకరు తాకితే కయ్యిమనేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో, ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి ఇస్సాకు అనే కూలీ వచ్చాడు. ప్రభుత్వం తనకు పట్టా ఇచ్చిన భూమి చెక్కను ఊరి ఆసామి ఎద్దులు కట్టి దున్నిస్తున్నాడట. సబ్ కలెక్టరు మధ్యాహ్నం క్యాంపుకు వెళ్లిపోతాడు. ఈలోగానే అర్జీ చేతికివ్వాలి. పక్క బల్ల గోవిందన్నకు కొత్త మిషనుంది గానీ, ఆసామి అతనికి కావలసినవాడు. పేరు వినగానే పొమ్మన్నాడు. పద్మాబాయి పొమ్మనలేదు. బల్లకు ఎడంగా నిలబడి చెప్పమంది.

సగం కాగితం అయ్యేసరికి మిషను లోపల టప్పుమంది. ఆ తర్వాత ఏ అక్షరం కొట్టినా కాగితం జరగలేదు. అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మచ్చయింది. కాగితం బండిని ఎడమకు లాగే స్ప్రింగు తెగిపోయింది. వీధి చివర మిషన్లు బాగుచేసే మాదన్నను పిలిపిస్తే, వంగి చూసి, ఈ సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు, పాత ఇనుముకు వేసేయమన్నాడు.

"నిన్ను తూస్తారేమో ముందు పోయి కనుక్కో" అని అతన్ని తరిమేసింది. మిషను మీద గుడ్డ కప్పబోయింది. గోవిందన్న నవ్వడం వినిపించి ఆ గుడ్డను పక్కన పడేసింది.

ఒక చేత్తో బండి లాగుతూ ఇంకో చేత్తో కొట్టి చూసింది. వరస కుదరలేదు. చివరికి బండి కొసకు గట్టి దారం కట్టింది. ఎవరైనా దాన్ని సమంగా లాగి పట్టుకుంటే, మీట నొక్కినప్పుడల్లా బండి ఒక్కో అక్షరం జరుగుతుంది.

"ఇస్సాకూ, ఈ దారం పట్టుకో."

ఇస్సాకు కదల్లేదు. "ఇంతకుముందే దూరం నిలబడమంటిరి. ఇప్పుడు దగ్గరికి రమ్మంటాండారు. పని పడితే అంటు లేదా అమ్మా?"

ఆమె మొహం జేవురించింది. "నీకు అర్జీ కావాల్నా, తగువు కావాల్నా?"

"రెండూ కావాలమ్మా. ముందు అర్జీ కానీ."

వచ్చి దారం పట్టుకున్నాడు. గట్టిగా లాగితే అక్షరాలు ఎగిరిపోయాయని ఆమె తిట్టింది. వదులు చేస్తే ముద్ద అయ్యాయని తిట్టింది. ఎట్లా లాగాలో సరిగా చెప్పమని అతనూ ఎదురు తిరిగాడు. చుట్టూ చేరినవాళ్లతో గోవిందన్న, బాయమ్మ మడి ఈ పూటతో గంగలో కలిసిందన్నాడు.

పద్మాబాయి తల ఎత్తలేదు. "నా మడి నేను సూసుకుంటా. నువ్వు పోయి ఆ ఆసామి గడప కాడ కాపలా పండుకో."

అర్జీ వేళకు అందింది. మూడో రోజు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి ఎద్దులను విప్పించాడు. అదే వారం ఒక సాయంత్రం, పద్మాబాయి మిషను తీసుకుని ఇంటికి పోయాక, ఎవరో ఆమె బల్లను మురుగుకాల్వలో తోసేశారు. పక్కనే ఉన్న గోవిందన్న ఏమీ చూడలేదన్నాడు. ఆమె చీర దోపుకుని దిగి, బల్లను తనే లాక్కొచ్చి, కడిగి, అదే చోట వేసింది. బల్ల అంచున చిన్న చక్రం బిగించి, దారం దాని మీదుగా కిందికి వదిలి, కొసకు రాయి కట్టింది. రాయి బరువుకు బండి నడిచింది. జనం నవ్వారు. నవ్విన వాళ్ల అర్జీలను ఆమె ముట్టలేదు.

అట్లా రెండేళ్లు లాగింది. తర్వాత మిషను లోపలి చక్రాల పళ్లే అరిగిపోయాయి. ఒక రోజంతా దాని ముందు ఊరికే కూర్చుని, వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేసింది. ఆ పై వారం ఎమ్మిగనూరులో మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూటు నుంచి ఇంకో మిషను తెచ్చుకుంది. అది చక్కగా నడిచేది. ఆమెకు మాత్రం ఏనాడూ నచ్చలేదు. పని చేసినంతసేపూ దాన్ని తిడుతూనే ఉండేది.