నీళ్లు ఎక్కువ కాలేదు

డోరతీ నాకు చెప్పిన ఒక క్షమాపణను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది ఆమె చెప్పవలసింది కాదు. నేను చెప్పవలసింది. మా ఆవిడకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు కనుక మీకు చెబుతున్నాను.

డెబ్బైల చివర సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉండేవాళ్లం. పక్కింట్లో వాల్ట్, డోరతీ. వాల్ట్ రిటైరైన స్కూలు మాస్టారు. కడుపులో కాన్సర్. కీమో అయిన ప్రతిసారీ వాంతులు. మంచినీళ్లు కూడా నిలిచేవి కావు. ఎవరో ఇచ్చిన గంజాయి పీల్చిన రోజున మాత్రం గిన్నెడు టమాటా సూప్ తాగాడు. అది చూసి డోరతీ గరాజ్ వెనక మొక్కలు పెంచింది. చట్టం ఒప్పని పని. సలహా అడగడానికి ఎవరూ లేరు, కంచె మీదుగా కనిపించే నేను తప్ప.

ఇండియా నుంచి వచ్చినవాణ్ణి, గంజాయి సాగు నాకు తెలియకుండా ఉంటుందా అనుకున్నారు వాళ్లు. అనుకోనిచ్చాను. అంతటితో ఆగానా? మా తాత సాధువులకు గంజాయి పండించి ఇచ్చేవాడని, వాసన చూసి కోత రోజు చెప్పేవాడని, ఆ విద్య నాకూ అబ్బిందని చెప్పుకొచ్చాను. వాల్ట్ నన్ను ‘మహారాజా’ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ పిలుపు నాకు బాగా ఎక్కింది. కొత్తిమీరకీ పుదీనాకీ తేడా తెలియని మనిషికి ఇదొకటా అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. వినలేదు.

నిజానికి మాది గుంటూరు వైపు పొగాకు పండించే కుటుంబం. నేను పుట్టి పెరిగిందే పొగాకు చేలో. చూశారా, ఇదీ అబద్ధమే, ఇప్పుడు కూడా చెయ్యి ఆగడం లేదు. చేలోకి వెళ్లింది మా అన్నయ్యలు. నేను హాస్టల్లో చదువుకున్నాను. అడుగాకు పసుపు తిరిగితే కోతకు వచ్చినట్టని వాళ్లు భోజనాల దగ్గర అనుకుంటే విన్నాను. నా వ్యవసాయమంతా అదే.

సెప్టెంబరు ఆఖరున, వాల్ట్ స్టాంపులు చూసుకునే భూతద్దం డోరతీ పట్టుకొచ్చింది. పూగుత్తుల మీది తెల్ల పోగులు గోధుమరంగుకు తిరిగాయని, జిగురు బొట్లు పాలలా మసకబారాయని చూపించింది.

“ఇక కోసేద్దామా? వచ్చే వారం మళ్లీ కీమో ఉంది,” అంది.

“తొందరపడకండి. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. పసుపు కింద నుంచి పైకెక్కాలి.”

వాల్ట్ దుప్పటి కప్పుకుని కుర్చీలో ఉన్నాడు. “మహారాజా చెప్పాడుగా, ఆగు డోరతీ. నేనెక్కడికీ పోనులే,” అన్నాడు.

నాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఆమె చూపించినది నా కళ్లకూ కనిపించింది. కానీ తెలియదని ఒప్పుకుంటే తాత, సాధువులు, మహారాజు అందరూ ఒక్కసారే పోతారు.

వానలు పట్టుకున్నాయి. మళ్లీ చూసేసరికి పూగుత్తుల లోపల బూడిదరంగు బూజు. వేలు పెడితే మెత్తగా కుళ్లి ఉంది. అన్నీ అంతే.

“నేనే నీళ్లు ఎక్కువ పోశాను. మీరు అంత శ్రద్ధగా చూస్తే పాడుచేశాను. సారీ,” అంది డోరతీ.

నేను తల ఊపాను. పైగా, “పోనీలెండి, మీకేం తెలుసు,” అన్నాను.

కోత తప్పడం తెలివితక్కువతనం అనుకోవచ్చు. మరి తల ఊపడాన్ని ఏమనాలి?

ఆ తరువాతి కీమోలకు వాల్ట్ వాంతులు మా కిటికీ మూసినా వినిపించేవి. మా ఆవిడ చారు కాచి పంపేది. నిలిచేది కాదు. చలికాలం దాటకుండానే పోయాడు. కోసి ఉంటే బతికేవాడా? బతకడు. ఇంకొన్ని గిన్నెల సూప్ తాగేవాడు. అంతే. అంతేనా?

డోరతీ మళ్లీ ఒక్క మొక్క వేయలేదు. చలి తగ్గాక మొక్కలకు నీళ్లు పోసే డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, తన చేతికి మొక్కలు అచ్చిరావని అంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. థాంక్స్ చెప్పాను.

ఆమె ఇప్పుడు లేదు. మా తాత గురించి అన్ని కథలు అల్లినవాడికి ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

నీళ్లు ఎక్కువ కాలేదు, డోరతీ. మొక్కలు బాగానే పెంచారు. కోతకు వచ్చిన రోజును మీరే సరిగ్గా చూశారు. ఆపింది నేను.