అక్క ఊరికి గొడ్డలితో వెళ్ళిన సబడిన్

సబడిన్ మా అంబోన్ దీవిలో పడవలకు తెడ్డు వేసేవాడు. అంతకన్నా గొప్ప పనేదీ చెయ్యలేదు, చెయ్యాలనీ అనుకోలేదు. ఏటా డచ్చివాళ్ళు ఊరూరి నుంచీ మగవాళ్ళను ఈడ్చుకొచ్చి పొడవాటి యుద్ధపు పడవలు ఎక్కించేవారు. ఎక్కనన్నవాడి వీపు చీరేసేవారు. పక్క దీవుల్లో మా వాళ్ళ లవంగ చెట్లను మా చేతే నరికించేవారు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సేరం దీవివాళ్ళు లవంగాలు ఇంగ్లీషువాళ్ళకు అమ్ముతున్నారు. లోకంలోని లవంగమంతా ఒక్కడి గుప్పిట్లో ఉంటే వాడు చెప్పిందే ధర. ఇద్దరికీ దొరికితే ఇద్దరూ బేరగాళ్ళే. కాబట్టి తమ చేతికి అందని చెట్టు భూమ్మీదే ఉండకూడదు.

"వీళ్ళది ఆకలి కాదురా, పక్కవాడి కంచం చూసి ఏడుపు," అనేవాడు సబడిన్ పక్కన తెడ్డు వేసే ముసలి తహాని.

ఆ ఏడు పడవలు సేరంలో సబడిన్ అక్క జైనా మెట్టినూరికి తిరిగాయి. మాలో బిడ్డ పుట్టగానే ఒక లవంగ మొక్క నాటుతాం. ఆ చెట్టు కూలితే బిడ్డ బతకదు. జైనాకు బైదా అని ఒక్కతే కూతురు. పడవల కబురు తెలియగానే జైనా కూతురి చెట్టుకు లేత కొబ్బరాకులు చుట్టి సాసి కట్టింది. సాసి కట్టిన చెట్టును మాలో ఎవడూ ముట్టడు. వచ్చేది మనవాళ్ళేగా, ఆగుతారనుకుంది.

ఆగారు. అదే కొంప ముంచింది.

తోటంతా కూలుతుంటే ఆ ఒక్క చెట్టును మాత్రం అందరూ తప్పుకుని పోతున్నారు. డచ్చి సార్జెంటు అది కనిపెట్టి, తహానిని నరకమన్నాడు. ముసలాడు గొడ్డలి కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. సార్జెంటు అతని నోట్లో తుపాకీ పెట్టి పేల్చాడు. కొబ్బరాకుల నిండా నెత్తురు చిందింది. అదే గొడ్డలి సబడిన్ చేతికిచ్చాడు.

జైనా చెట్టును వాటేసుకుని నిలబడింది. బైదా తల్లి లుంగీ పట్టుకుని ఉంది.

"అక్కా, జరుగు. నిన్నూ కాల్చేస్తారు."

"మేనమామవి కదరా, నరుకు. ముందు నన్ను నరుకు."

"చెట్టే కదే..."

"ఆ మాట దాని మొహం చూసి చెప్పు."

సబడిన్ చూశాడు. గొడ్డలి ఎత్తాడు. అది సార్జెంటు మెడలో దిగి ఎముకలో ఇరుక్కుంది. కాలితో తన్ని ఊడబెరకాల్సి వచ్చింది. ఈలోగా సిపాయిలు పేల్చారు. గుండు తగిలి జైనా ఆ చెట్టు బోదె మీదుగానే కిందికి జారిపోయింది. సబడిన్ మేనకోడల్ని భుజాన వేసుకుని కొండ మీదికి పరుగెత్తాడు. వెనక ఊరికి నిప్పంటించారు. బయటికి ఉరికినవాళ్ళను గుమ్మాల దగ్గరే పొడిచారు.

కొండ మీదికి గొడ్డలి దెబ్బలు వినిపించాయి. కొబ్బరాకులు చుట్టిన చెట్టు పొగలోకి ఒరిగింది.

"మామా, అది నా చెట్టేనా?"

"ఊఁ."

"అయితే నేను చచ్చిపోతానా?"

సబడిన్ కూడా మాలో పుట్టినవాడే. అతనికీ అదే నమ్మకం.

"చెట్టును వాళ్ళు నరికారు. నిన్ను నేను పట్టుకునే ఉన్నాగా," అన్నాడు.

పట్టు వదిలితే నిజంగానే పోతుందేమోనని, కొండ దాటేదాకా పిల్లను కిందికి దించలేదు.