దెయ్యం సినిమా నోట్సు, మూడో పేజీ

హైదరాబాద్ నుంచి వచ్చి కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో చేరిన మొదటి ఏడాది. ఫైనలియర్ వాళ్లకు సినిమా పేపర్ చెప్పమన్నారు. దెయ్యాల సినిమాల్లో ఆడవాళ్ల గురించి చాలా ఉత్సాహంగా మొదలుపెట్టాను. దెయ్యం ఎప్పుడూ ఆడదే ఎందుకవుతుందని అడిగితే, చివరి బెంచీలోంచి ఒకడు లేచాడు.

"దెయ్యం వచ్చింది అనే అంటాము గదా మేడమ్. దెయ్యం వచ్చినాడు అంటే నవ్వుతారు."

క్లాసంతా నవ్వింది. చిర్రెత్తి వాణ్ని బయటికి పంపేశాను. పంపాక, వాడు అన్నదాంట్లో తప్పేముందో నాకే అర్థం కాలేదు.

ఆ కోపంలోనే, ఫోన్లో మెసేజీలు కొట్టినంత వేగంగా నోట్సు రాసేశాను. మూడో పేజీలో ఒక వాక్యం: ఇంట్లో ఎవరూ మాట వినని ఆడది, దెయ్యం పట్టినట్టు నటించి తన మాట నెగ్గించుకుంటుంది. జిరాక్సులు తీయించి పంచాను.

వారం తర్వాత, డోన్ వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఆగింది.

"మేడమ్, మూడో పేజీ మా నాయన సదివినాడు. రేపు మీతో మాట్లాడల్లంటాండాడు."

"అయితే ఏం?" ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాను.

"ఇంటర్ అయినాక నన్ను సదువు మానిపించల్లనుకున్యాడు. ఆ పొద్దు మాయమ్మ మీదికి మా జేజి వచ్చింది, మా నాయన తల్లి, ఎప్పుడో సచ్చిపోయింది. 'ఒరే, పిల్లను సదివించురా' అని మా నాయన మీద అరిసింది. అందుకే పంపిస్తాండాడు. అదంతా నటన అంటే నా సదువు ఈడికే ఆగిపోతాది మేడమ్."

మర్నాడు ఆయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన నా కాగితం.

"మీరు సదువుకున్యోళ్లు. ఆ పొద్దు నన్ను ఒరే అనింది మాయమ్మనా, మా ఆడమనిషా?"

నేను రాసిందే నిజమంటే ఒక పిల్ల చదువు పోతుంది. కాదంటే ఇంక ఆ క్లాసులో ఏం పాఠం చెప్పను? అసలు నిజం నాకేం తెలుసు? ఆ ఇంట్లో నేను లేను.

"అది సినిమాల గురించి రాసిందండీ. మీ ఇంటి సంగతి కాదు."

"సినిమా వరకేనా?"

"సినిమా వరకే."

నా కాగితాన్ని మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అట్లయితే సరేలేమ్మా. సచ్చిపోయినాక ఒక్కసారే మాట్లాడింది మాయమ్మ. ఆ మాట యాడ తీసేసేది."

నా మాట నమ్మాడో, తనకు కావలసిన మాటే నాతో అనిపించుకున్నాడో తేల్చుకోలేకపోయాను.

ఆ అమ్మాయి మరుసటి రోజు క్లాసుకు వచ్చింది. అయ్యాక ఆగలేక అడిగేశాను. "నువ్వు చెప్పు, ఆ రోజు మాట్లాడింది ఎవరు?"

పుస్తకం అంచు గిల్లింది.

"తెలీదు మేడమ్. మాయమ్మను నేనెప్పుడూ అడగల్యా. అడిగితే 'మాట్లాడింది నేనే' అంటాదేమోనని భయం."