సమాధుల తోట పటం

అమ్మను మా చర్చి సమాధుల తోటలో పెట్టిన ఏడాదే, పక్క కొబ్బరితోట ఆసామి గట్టు మా వైపు జరగడం మొదలైంది. ముందు నాలుగు పారల మట్టి, తర్వాత మొక్కలకు గోతులు. ఆఖరి గొయ్యి అమ్మ సమాధికి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో తవ్వించాడు. వానలు పడగానే మొక్కలు పెట్టేస్తాడని, ఓసారి వేళ్లు దిగాక ఆ నేల ఎవరిదని ఎవరూ అడగరని ఊళ్లో అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండిపోయేది.

తోట హద్దులు చూపించే సర్వే పటం మండలాఫీసులో ఉంది. దాని నకలు చేతికొస్తే సర్వేయరుతో కొలిపించుకోవచ్చు. సమాచార హక్కు చట్టం అప్పుడే కొత్తగా వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు కదా, నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో దరఖాస్తు రాసి ఇచ్చారు. అక్కడి డిప్యూటీ తహసీల్దారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, అలాంటి పటాలు బయటివాళ్లకు ఇవ్వొచ్చో లేదో ప్రభుత్వ వకీలు అభిప్రాయం కోసం ఫైలు అమలాపురం పంపామన్నారట.

మావాళ్లు దెబ్బతినేది అక్కడే. మా కోనసీమలో మొహం మీద కాదనడం మర్యాద కాదు. ఇవ్వనివాడు కూడా ఆయ్, అలాగేనండి అంటాడు. విన్నవాడు పని అయిపోయిందనుకుని ఇంటికొస్తాడు. నాన్న వెళ్లిన ప్రతిసారీ టీ తాగి, ఆ మాటే పట్టుకుని వచ్చారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలన్న గడువు ఎప్పుడో దాటింది, పైఅధికారికి అప్పీలు పెడదామని నేనంటే, అంత మర్యాదగా మాట్లాడే మనిషి మీద ఫిర్యాదేంటమ్మా అని నన్నే కోప్పడ్డారు.

ఆ రోజు పొద్దున్నే ఆకాశం మూసుకొచ్చింది. తోటకు వెళ్తే గోతుల పక్కన కొబ్బరి మొక్కలు దింపి ఉన్నాయి. నాన్న వాటి దగ్గర కాసేపు నిలబడ్డారు. అట్నుంచటే బస్సు దారి పట్టారు. నేను పనిచేసే బడికి సెలవు పెట్టి వెంట వెళ్లాను.

వకీలు అభిప్రాయం వచ్చిందని డిప్యూటీ తహసీల్దారు చెప్పారు. ఏమని వచ్చిందని నాన్న అడిగితే, అది ఆఫీసు సంగతి, బయటికి చెప్పకూడదన్నారు. పటం మాత్రం వచ్చే వారం తప్పకుండా చూద్దామన్నారు. వచ్చే వారానికి మొక్కలు నేలలో ఉంటాయి. టీ చెప్పబోతుంటే నాన్న వద్దన్నారు. జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టారు.

"పటం వద్దులెండి. ఇవ్వం అని రాసివ్వండి, చాలండి."

ఆయన నవ్వారు. నాన్న నవ్వలేదు. డిప్యూటీ తహసీల్దారు కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసి, అలాగే ఉండిపోయారు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నా ఆయన నుదుటి మీద చెమట కనిపిస్తోంది. వకీలు ఇవ్వొద్దని రాసి ఉంటే ఆ ఒక్క ముక్క రాయడానికి ఇంత బాధ దేనికి? ఇవ్వాల్సిందేనని ఉంటుంది. కాదని సంతకం పెడితే రేపు అది ఆయన మెడకే చుట్టుకుంటుంది. చాలాసేపటికి పెన్ను మూత పెట్టి, నకలు తీయమని గుమాస్తాను పిలిచారు.

మర్నాడు ఆసామికి పటం చూపించేసరికి మొక్కలు పెట్టడం ఆగింది. తర్వాత సర్వేయరు వచ్చి కొలత గొలుసు లాగితే, గోతులన్నీ మా హద్దులోనే తేలాయి. ఆసామి చేతులు కట్టుకుని నాన్న ముందుకు వచ్చాడు.

"ఆయ్, పొరపాటైపోయిందండి మాస్టారూ. రేపే పూడ్పించేస్తానండి."

ఎంత వినయంగా అన్నాడంటే, ఒక్క క్షణం నాకే జాలేసింది. నాన్న అమ్మ పక్కనున్న గొయ్యి వైపు చూశారు. జేబులోంచి అదే పెన్ను తీసి అతని ముందుకు చాపారు.

"ఆయ్. రాసివ్వండి."